మోకాలి నొప్పికి నడుం వ్యాయామమా? ఏది మేలు?

కోనసీమలోనైనా, భీమవరం వైపైనా యాభై దాటిన ఆడవాళ్ళు నలుగురు కూర్చుంటే "గుజ్జు అరిగిపోయిందంట" అన్న మాట రాక మానదు. సార్వా, దాళ్వా వరి పంటలకు వంగి నాట్లు ఊడ్చినవాళ్ళకైతే నడుమూ పట్టేస్తుంది. ఫిజియోథెరపిస్టులు తొడలకు ఒక రకం, నడుం చుట్టూ ఉండే కోర్ కండరాలకు ఒక రకం వ్యాయామం చెబుతారు. ఊళ్ళోవాళ్ళు చెప్పేది కాలవ గట్టు మీద నడక.

బాధ మోకాలికే అయితే నా ఓటు తొడకే. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, కిందికి నొక్కుతూ ఐదు సెకన్లు బిగించడం, కుర్చీలో కూర్చుని కాలు చాపడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. ఖర్చు లేదు.

నడుం నొప్పి కూడా ఉంటే కోర్ కలపాలి. కోర్ అంటే సిక్స్ ప్యాక్ కాదు. పొట్టను చుట్టి ఉండే లోపలి కండరం, వెన్నుపూసలను అంటిపెట్టుకున్న మల్టీఫిడస్, పైన ఊపిరి తీయించే కండరమైన డయాఫ్రమ్, అడుగున కటి కండరాలు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తితే ఆ పొట్ట కండరం ఆలస్యంగా బిగుసుకుంటోందని 1996లో పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపించాక దీనికి గిరాకీ పెరిగింది. కానీ పాత నడుం నొప్పికి ఇది మిగతా వ్యాయామాలను మించిందేమీ కాదని వైద్య పరిశోధనలను ఒక్కచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష తేల్చింది.

అయినా నేను దీన్ని వదలమనను. పడుకుని చేసేవాటిలో మోకాలి మీద బరువు పడదు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు మడిచి, నడుము మెల్లగా పైకెత్తే బ్రిడ్జి చాలామందికి సరిపోతుంది. యూట్యూబ్‌లో కనిపించే, ఒక చెయ్యీ ఎదురు వైపు కాలూ చాపే బర్డ్ డాగ్‌కి మాత్రం మోకాళ్ళ మీద ఆనాలి. చిప్ప నొప్పి ఉన్నవాళ్ళు దాన్ని గోడకు చేతులు ఆనించి నిలబడి చెయ్యొచ్చు. నేల మీంచి లేవలేకపోతే గట్టి బల్ల మంచం చాలు, నులక మంచం వద్దు. లేచి కూర్చునే సిటప్స్ జోలికి పోవద్దు, వెన్ను డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

నడక మంచిదే, అదొక్కటే అయితే తొడకు చాలినంత బలం రాదు. బరువు తగ్గాలంటే నడకతో పాటు అన్నం కూడా చూసుకోవాలి. కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చేసిన మర్నాడు కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే లెక్క తగ్గించండి, మానెయ్యకండి. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం ఆగకపోయినా వ్యాయామం పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.