నాటుకోడి గుడ్లకి 12 గుంటల ప్లాస్టిక్ బాక్స్: మూడు నెలలు వాడాక చెప్తున్నా

మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు, ఇంటికాడ నలభై దాకా నాటుకోళ్లున్నాయి, వారానికి రెండుసార్లు ఆటోలో గుడ్లు విజయనగరం పంపిస్తాం. ఇదివరకు మా అత్త గంపలో ఊక పోసి దాంట్లో గుడ్లు సర్ది పంపేది, పగలడం తక్కువే గానీ కొనేవాళ్లు "ఊక అంటుకుపోయింది, కడిగి ఇవ్వమ్మా" అనేవారు. కడిగితేనేమో గుడ్డు నిలవుండదు. పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి, వాటి మీద పుట్టుకతో వచ్చిన పల్చటి పొర ఒకటి ఉంటాది, నీళ్లు తగిలి రుద్దితే అది పోయి క్రిములు లోపలికి పోతాయి. ఇదంతా బేరం దగ్గర ఎంతమందికని చెప్తాం?

అందుకని గంటస్తంభం దగ్గర డిస్పోజబుల్ సామాన్లు అమ్మే షాపులో ఈ బాక్సులు వంద తీసుకున్నాం, ఒక్కోటి 7 రూపాయలు పడింది. చూడ్డానికి చాలా బాగుంటాది, గుడ్డు బయటికే కనిపిస్తాది, పెట్టిన తేదీ చీటీ రాసి మూత మీద అంటిస్తే జనం అడగకుండానే తీసుకుంటున్నారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

అసలు ఇబ్బంది గుంట దగ్గరొచ్చింది. ఇవి ఫారం గుడ్డు కొలతకి చేసినవి, అది యాభై గ్రాముల పైన తూగుతాది, మా నాటు గుడ్డు నలభై అటూ ఇటూ. గుంటలో వదులుగా ఉండి మూత వేసినా లోపల టకటకమని కొట్టుకుంటాది. మొదటిసారి మూడు బాక్సులు పంపితే దింపేసరికి ఐదు గుడ్లు పోయాయి, ఒక బాక్స్ మూత తీస్తే పచ్చసొన కారి పక్క గుడ్లకి అంటుకుని ఎండిపోయి ఉంది, గోరుతో గీకినా రాలేదు, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ బాక్స్‌లో బాగున్నవి కూడా అమ్మలేకపోయాం.

రెండోది చెమట. ఎండలకి భయపడి ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లు తీసి వెంటనే సర్దేశాను, గంటలో మూత లోపల నీటి బొట్లు, గుడ్డంతా తడి. ఆ తడే పెంకులోంచి క్రిముల్ని లోపలికి లాగుతాది. తర్వాత మూతకి గాలి రంధ్రాలున్న రకం అడిగి తెచ్చుకున్నాం, ఫ్రిజ్ జోలికి పోకుండా చల్లటి గదిలో ఉంచుతున్నాం, ఇప్పుడు పర్లేదు.

దారిలోకి మాత్రం 30 గుంటల అట్ట ట్రేనే మేలు. అట్ట గరుకుగా ఉండి గుడ్డుని పట్టుకుంటాది, తడి పీల్చుకుంటాది, కుదుపు కూడా ఆపుతాది. వానకి మెత్తబడిపోవడం ఒక్కటే దానితో బాధ, పైన టార్పాలిన్ కప్పాలి. ఫారాల నుంచి వచ్చిన పాత ట్రేలు ఊరికే ఇస్తామన్నా తేకండి, అవి కడగడం కుదరదు, అక్కడి రోగం మన కోళ్లకి తగులుకుంటాది.

ఇప్పుడు ట్రేలో పంపి, బజారులో దించాక బాక్సుల్లోకి మారుస్తున్నాం. దేంట్లో పెట్టినా మొన కిందకి, లావు వైపు పైకి, గాలి గది లావు వైపే ఉంటాది కాబట్టి సొన కుదురుగా నిలుస్తాది.

ఫారం గుడ్లు అమ్మేవాళ్లయితే ఈ బాక్స్ కళ్లు మూసుకుని కొనొచ్చు. నాటు గుడ్లయితే షాపుకి వెళ్లేటప్పుడు మీ గుడ్లు రెండు పట్టుకెళ్లండి, గుంటలో పెట్టి మూతేసి చెవి దగ్గర ఊపి చూడండి, చప్పుడొస్తే వద్దు.