కటింగ్‌కు మూడు స్టార్లు, పుస్తకాల అరకు ఐదు

కడపలో ఏడు రోడ్లకు దగ్గర్లో, ఒక సందులో ఉంటుంది ఈ సెలూన్. నాలుగేళ్లుగా పోతున్నా. రెండే కుర్చీలు. ఆదివారమైతే గంటన్నర కూర్చోవాల్సిందే, మంగళవారం ఎటూ మూసేస్తారు. కటింగ్ 120, గడ్డం 60. పని బాగానే చేస్తాడు గానీ చెవుల వెనక మిషన్ తొందరగా లాగేస్తాడు. ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమవైపు ఎప్పుడూ ఒక నూలు పొడుగే.

అయినా అక్కడికే పోవడానికి కారణం అద్దం పక్కనున్న పుస్తకాల అర. పాత పేపర్ల కొట్లో కేజీల లెక్కన కొన్నవే అన్నీ. మొన్న ఆదివారం నా ముందు ఐదుగురున్నారు. అట్ట ఊడిన ఇంగ్లిష్ పుస్తకం ఒకటి తీశాను, ఆఫ్రికా దేశాధ్యక్షుల మీద. సోషల్ టీచరుగా రిటైరైన నేను, లైబీరియాను పటంలో చూపించడమే తప్ప పిల్లలకు చెప్పింది ఏమీ లేదు.

తెరిచిన పేజీలో ఉన్నది లైబీరియా ఆయనే, జోసెఫ్ జెంకిన్స్ రాబర్ట్స్. 1809లో అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో, బానిసలు కాని నల్లవాళ్ల ఇంట్లో పుట్టాడు. అదే రాష్ట్రంలోని పీటర్స్‌బర్గ్‌లో పనికి కుదిరింది ఎక్కడంటే, కటింగ్ షాపులో! ఓనరు విలియం కోల్సన్ కూడా నల్లాయనే, బాగా చదువుకున్నవాడు. తన పుస్తకాలన్నీ ఈ కుర్రాడికి చదువుకోమని ఇచ్చేవాడట.

ఇది గట్టిగా చదివాను. మావాడు కత్తెర ఆపేసి, "నిజంగానా సార్? తర్వాత ఏమైనాడు?" అన్నాడు. కుర్చీలో ఆయన సగం తలతో వింటున్నాడు.

1829లో తల్లితో, తోబుట్టువులతో ఓడెక్కి, అమెరికావాళ్లే తమ నల్లవాళ్ల కోసం ఆఫ్రికా తీరంలో పెట్టిన లైబీరియా కాలనీకి పోయి, మన్రోవియాలో దిగాడు. అదే కోల్సన్‌తో కలిసి వ్యాపారం పెట్టాడు. 1841లో ఆ కాలనీకి గవర్నర్. 1847 జులై 26న లైబీరియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, మరుసటి ఏడాది తొలి అధ్యక్షుడు ఈయనే. లండన్ పోయి విక్టోరియా రాణిని కలిశాడు. బ్రిటన్ వెంటనే గుర్తించింది, అమెరికా మాత్రం 1862 దాకా గుర్తించలేదు.

"సొంతోళ్లే లేటు సార్, యాడైనా" అన్నాడు మావాడు.

సగం తలాయన ఊరుకోలేదు. "మరి అక్కడ ముందు నుంచీ ఉన్నోళ్ల సంగతేంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఓడల్లో వచ్చినవాళ్లే పెత్తనం చేశారు, అక్కడి క్రూ, గోలా, బస్సా తెగల జనాలకు రాబర్ట్స్ బతికున్నంతకాలం ఆ దేశంలో పౌరసత్వమే లేదు. ఇది ఆ పుస్తకంలో లేదు, నాకు ఇంతకుముందే తెలుసు.

1856లో ఆయన పదవి దిగాడు, నా పుస్తకం కూడా అక్కడే ఆగింది. మిగతా పేజీలు గోడకున్న కొక్కేనికి గుచ్చి ఉన్నాయి, గడ్డం గీసేటప్పుడు కత్తి నురగ తుడవడానికి! పనికుర్రాడి తెలివి అది. 1872లో మళ్లీ అధ్యక్షుడైనాడని, 1876లో చనిపోయాడని ఇంటికొచ్చి ఫోన్లో చూసుకోవాల్సి వచ్చింది.

ఫోన్‌పే ఉంది, చిల్లర టెన్షన్ లేదు. పుస్తకాలు ఇంటికివ్వరు. నేను మాత్రం నిన్న పోయి ఒక కట్ట పాత న్యూస్‌పేపర్లు ఆ కొక్కేనికి గుచ్చి వచ్చాను.