యాజ్, ఫ్రమ్, ట్రైఫ్రమ్: రస్ట్‌లో అంకెను మార్చడానికి ఏది మేలు?

విశాఖ పోర్టు రోడ్డు పక్కన ఒక లారీ కాటాకు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. మొదటి వారంలోనే ఒక బొగ్గు లారీ మైనస్ 25,536 కిలోలు తూగింది. గుమస్తా ఫోను చేసి, "సార్, మన లారీ గాలిలో తేలుతోంది, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. అసలు బరువు 40,000 కిలోలు. పాత రికార్డు ఫైలులో బరువు గడికి 16 బిట్లే ఉన్నాయి. మైనస్ గుర్తుకూ అందులోనే చోటు కావాలి కాబట్టి 32,767 దాటితే పట్టదు. అంకెను ఒక రకం నుంచి మరో రకానికి మార్చడానికి రస్ట్‌లో యాజ్, ఫ్రమ్, ట్రైఫ్రమ్ అని మూడు దారులున్నాయి. నేను "యాజ్ ఐ16", అంటే 16 బిట్ల పూర్ణాంకంగా మార్చు, అని రాసి ఊరుకున్నాను. అది పై బిట్లను కోసేసి మిగిలినది చేతిలో పెట్టింది. తప్పు నాదే.

యాజ్ రాయడం సులువు. చిక్కల్లా అది నోరు మెదపకపోవడమే. కూడికలో అంకె గడి పట్టనంత పొంగితే డీబగ్ బిల్డ్ (పరీక్షించుకోవడానికి తయారుచేసే రూపం) ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. యాజ్ మాత్రం ఏ బిల్డ్‌లోనూ ఆపదు. పైగా దానికి రెండు గుణాలు. పూర్ణాంకమైతే కోస్తుంది: 300ను యూ8లోకి (మైనస్ లేని 8 బిట్ల గడి, 255 దాకే పడుతుంది) మారిస్తే 44 వస్తుంది. దశాంశమైతే అంచు దగ్గర ఆగుతుంది: 300.0 అదే యూ8లో 255 అవుతుంది. సంఖ్యే కాని నాన్ విలువ సున్నా అవుతుంది. లోడ్ సెల్ (బరువును కొలిచే సెన్సర్) లెక్క ఎక్కడో చెడి నాన్ వస్తే, నిండు లారీ సున్నా కిలోలు తూగుతుందన్నమాట! ఇది కూడా 2020లో వచ్చిన రస్ట్ 1.45 వెర్షన్ నుంచి కుదిరిన పద్ధతే. అంతకుముందు పరిధి దాటిన దశాంశానికి ఏ ఫలితం వస్తుందో భాష హామీ ఇచ్చేది కాదు. సీ భాషలో నేటికీ అంతే.

ఫ్రమ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విలువ చెడని చోటే అది దొరుకుతుంది, లేకపోతే మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. దొరికిన చోటల్లా అదే వాడండి. 32 బిట్ల యూ32 నుంచి, యంత్రాన్ని బట్టి పరిమాణం మారే యూసైజ్‌కు మాత్రం అది లేదు. 16 బిట్ల యంత్రాల మీదా రస్ట్ నడవాలి కదా అంటారు. నా బల్ల మీద అలాంటి యంత్రం ఒక్కటీ లేదు, విసుగు మాత్రం రోజూ ఉంది.

ట్రైఫ్రమ్ 2019లో 1.34తో స్థిరపడింది. పట్టకపోతే తప్పును చేతికిస్తుంది, ఏం చేయాలో మనం తేల్చుకోవాలి. అయితే దాని వెనక అన్‌ర్యాప్ (విలువ ఉంటే ఇవ్వు, తప్పైతే ఆపెయ్ అనే పిలుపు) తగిలిస్తే, బరువు పట్టనప్పుడు ప్రోగ్రామే ఆగిపోతుంది. కాటా ఆగితే లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి. అయినా తప్పు బరువుతో చీటీ ఇవ్వడం కన్నా అదే నయమని నా అభిప్రాయం, డ్రైవర్లు ఒప్పుకోరు. దశాంశం నుంచి పూర్ణాంకానికి ప్రామాణిక లైబ్రరీలో ట్రైఫ్రమ్ లేదు. అక్కడ నాన్ కాదనీ, పరిధిలో ఉందనీ ముందే చూసుకుని, ఆపై యాజ్ వాడక తప్పదు.

యాజ్ నిజంగా నప్పే చోటు కాటాలోనే దొరికింది. తూకం యంత్రం పంపే వరుస చివర, అది దారిలో చెడలేదని సరిచూసే చెక్‌సమ్ ఉంటుంది: బైట్లన్నీ కూడి, కింది 8 బిట్లే ఉంచుకోవాలి. కోయడమే అక్కడ పని.

చివరికి ఫైలులో బరువు గడిని 32 బిట్లకు పెంచాను. మొదటే ట్రైఫ్రమ్ రాసి ఉంటే ఆ సంగతి గుమస్తా కంటే ముందు నాకే తెలిసేది. ఇప్పుడు బరువు పట్టకపోతే తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి, గుమస్తా చీటీని చేత్తో రాస్తాడు.