16×15 అల్లికతో విల్సన్ స్టీమ్ 99ఎస్ టెన్నిస్ రాకెట్: స్పిన్ ఎంత, ఖర్చు ఎంత

స్టీమ్ 99ఎస్‌ని చేతిలోకి తీసుకోగానే ముందు కంటికి కనిపించేవి ఖాళీలు. నిలువుగా పోయే మెయిన్స్ 16, అడ్డంగా పోయే క్రాస్‌లు 15. మామూలు రాకెట్లలో ఎప్పుడూ అడ్డం స్ట్రింగులే ఎక్కువ: 16×19, 18×20. 2013లో విల్సన్ ఆ లెక్కను తిరగేసి 'స్పిన్ ఎఫెక్ట్' అని పేరు పెట్టింది. స్ట్రింగులు ఒకదాన్నొకటి దాటే కూడళ్లు 16×19లో 304 ఉంటే ఇందులో 240. తగ్గిన ఆ 64 కూడళ్లలోనే ఈ రాకెట్ మంచీ చెడూ మొత్తం ఉంది.

బంతి తగలగానే మెయిన్స్ పక్కకి జారతాయి. బంతి ఇంకా వదలకముందే మళ్లీ తమ చోటికి ఎగిరి వస్తాయి, ఆ రాకలో బంతిని తిప్పుతాయి. ఇదంతా సెకనులో సుమారు 200వ వంతులో అయిపోవాలి. దారిలో ఉన్న ప్రతి క్రాస్ ఒక బ్రేకు. నాలుగు బ్రేకులు తీసేస్తే జారుడు సులువవుతుంది, అంతే సూత్రం. (స్ట్రింగులను అల్లకుండా వదిలేసిన 'స్పఘెట్టి' రాకెట్ 1977లో, ఎదుటివాడి చేతిలో ఉండి, గిలెర్మో విలాస్ లాంటి మేటి ఆటగాడినే మధ్యలో ఆట వదిలేసేలా చేసింది, ఆ తర్వాత దాన్ని నిషేధించారు. 99ఎస్‌లో అల్లిక సక్రమంగానే ఉంది కాబట్టి నిబంధనలతో పేచీ లేదు.)

ఇక కోర్టు మీద. మొదటి పది నిమిషాల్లో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది: బంతి ఎత్తుగా లేస్తే స్పిన్ పెరిగిందనుకోవడం. ఖాళీలు ఎక్కువైన స్ట్రింగ్‌బెడ్ (స్ట్రింగుల అల్లిక) నుంచి బంతి పైకి కోణం తీసుకుని బయల్దేరుతుంది. అది స్పిన్ కాదు. తేడా తెలియాలంటే నెట్ దగ్గర కాదు, బంతి పడిన చోట చూడాలి. నిజంగా తిరిగే బంతి నెట్ దాటాక ముక్కు కిందికి వంచి, నేలకి తగిలాక ముందుకు ఎగబాకుతుంది. ఉత్తి ఎత్తు మాత్రమే ఉన్న బంతి బేస్‌లైన్ దాకా తేలుతూ వెళ్లి, పడ్డాక ఎదుటివాడి నడుము ఎత్తులో కొట్టమన్నట్టు నిలబడుతుంది.

కింది నుంచి పైకి వేగంగా ఊపేవాళ్ల చేతిలో ఈ ఫ్రేమ్ మొదటి రకం బంతిని ఇస్తుంది, అదీ కోర్టు లోపలే పడుతుంది. బాగా తిప్పి ఎత్తుగా లేపే కిక్ సర్వ్ విషయంలోనూ అంతే, రెండో సర్వ్ భుజం ఎత్తుకు లేస్తే తిప్పికొట్టడం ఎవరికైనా కష్టమే. అడ్డంగా, చదునుగా కొట్టేవాళ్లకి మాత్రం అదే ఊపుకి బంతి రెండడుగులు అవతల పడుతుంది. ముఖ్యంగా గట్టి సర్వ్‌ని రాకెట్ అడ్డుపెట్టి తిప్పికొట్టే బ్లాక్ రిటర్న్‌లో ఇది తెగ ఇబ్బంది పెడుతుంది. బంతి నేలకి తగలకముందే కొట్టే వాలీ ఫర్వాలేదు. బంతి కింద కోసినట్టు కొట్టే స్లైస్ మాత్రం తేలుతుంది, బంతి తగిలాక సాగే ఊపుని (ఫాలో-త్రూ) ఇంకాస్త ముందుకు, కిందికి నడపకపోతే బంతి నెట్ మీద గాలిపటంలా ఊగుతుంది.

టెన్షన్ (స్ట్రింగుల బిగింపు) దగ్గర చాలామంది తప్పు చేస్తారు. పాత 16×19 రాకెట్‌లో 52 పౌండ్లు వేయించే అలవాటుంటే అదే అంకె ఇక్కడ చెప్పకండి. ఖాళీలు ఎక్కువ కాబట్టి అదే 52 ఇక్కడ 48లా మెత్తగా ఆడుతుంది. 3 నుంచి 5 పౌండ్లు పెంచి, 55 దగ్గర మొదలుపెట్టడం మేలు. ఫ్రేమ్ మీద రాసిన హద్దు దాటకూడదు. గట్టింగ్ చేసేవారికి (స్ట్రింగులు బిగించేవారికి) 16×15 అని ముందే చెప్పండి. 16×19 చేతి అలవాటుతో లాగేస్తే ఏ రంధ్రం వదలాలో తప్పి, సగంలో విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

స్ట్రింగ్ ఎంపిక ఇంకా ముఖ్యం. సింథటిక్ గట్, మల్టీఫిలమెంట్ లాంటి మెత్తటి స్ట్రింగులు ఈ రాకెట్‌లో దండగ. మెయిన్స్ అంతగా జారుతుంటే ప్రతి కూడలి దగ్గరా రంపంలా కోత పడుతుంది, గట్టిగా కొట్టేవాళ్ల చేతిలో కొన్ని గంటల్లోనే తెగిపోతాయి. పాలియెస్టర్ తప్పదు, అదీ నునుపైన గుండ్రటిది. అంచులున్న పాలీ బంతిని బాగా పట్టుకుంటుందని వేయిస్తారు గానీ, ఆ అంచులే పక్క స్ట్రింగుని త్వరగా కోస్తాయి. మందం 1.25 మిల్లీమీటర్లు చాలదనిపిస్తే 1.30కి వెళ్లండి. కొంచెం స్పర్శ తగ్గుతుంది, మన్నిక పెరుగుతుంది.

స్ట్రింగ్ తెగకపోయినా పని అయిపోయిందని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. కొత్తలో ఎంత బలంగా కొట్టినా మెయిన్స్ వాటంతట అవే తిన్నగా సర్దుకుంటాయి. పాయింట్ అయ్యాక వాటిని వేళ్లతో సరిచేయాల్సి వస్తుంటే, కూడళ్లలో గాడి పడి ఇరుక్కుంటున్నాయన్నమాట. ఒక మెయిన్‌ని పక్కకి తోసి కింద గోరు పెట్టి గీస్తే ఆ గాడి తగులుతుంది. అక్కడి నుంచి స్పిన్ తగ్గుతుంది, ఎత్తు మాత్రం అలాగే మిగులుతుంది. అంటే ఇబ్బంది ఉంచుకుని లాభం పోగొట్టుకున్నట్టు. కోసేసి కొత్తది వేయించడమే దారి. 16×19 కంటే ఇందులో ఆ అవసరం త్వరగా వస్తుంది కాబట్టి రాకెట్ ధర ఒక్కటే చూసి కొంటే సంవత్సరం తిరిగేసరికి గట్టింగ్ బిల్లు ఆశ్చర్యపరుస్తుంది.

చేతి సంగతి కూడా చెప్పాలి. ఫ్రేమ్ గట్టిది, పాలీ గట్టిది. ఖాళీలు దెబ్బని కొంత మింగుతాయి, అయినా మోచేయి ఇప్పటికే నొప్పి పెడుతుంటే ఈ జోడీ వద్దు. గట్టి బంతికి రాకెట్ తల మెలితిరుగుతుందనిపిస్తే దానికి రెండు పక్కలా, గడియారంలో 3, 9 ఉండే చోట, చెరో 2 గ్రాముల లెడ్ టేప్ (బరువు కోసం అంటించే సీసపు పట్టీ) అంటిస్తే నిలకడ వస్తుంది.

ఈ దారిలో విల్సన్ ఒంటరి కాదు. 2014లో మరో రాకెట్ కంపెనీ ప్రిన్స్ 14×16 దాకా వెళ్లింది, అంటే 224 కూడళ్లే. కానీ స్పిన్‌కి పెట్టింది పేరైన నడాల్ ఏళ్ల తరబడి ఆడింది 16×19 బాబొలాట్‌తోనే. 2023లో విల్సనే స్పిన్ కోసం తెచ్చిన షిఫ్ట్ 99లో అల్లిక 16×20. ఖాళీలు పెంచడం బదులు ఫ్రేమ్ పక్కకి వంగే తీరు మీద ఆధారపడింది. 16×15 మంచిదో కాదో తేల్చడానికి ఈ ఒక్క అంకె చాలదు గానీ, ఆలోచించదగ్గదే.

కొనేముందు డెమో రాకెట్ అడిగితే అందులో ఉన్న పాత స్ట్రింగుతో తీర్పు చెప్పకండి. వీలైతే కోయించి మీరు వాడే పాలీనే వేయించండి, మీ పాత రాకెట్‌లోనూ అదే వారం అదే స్ట్రింగ్ వేయించండి. ఒక్కోదాంతో క్రాస్‌కోర్ట్ ఫోర్‌హ్యాండ్లు ఇరవై చొప్పున, రాకెట్లు మార్చుకుంటూ మూడు విడతలు కొట్టి, బేస్‌లైన్ దాటినవి ఎన్నో, సర్వీస్ లైన్‌కి అవతల పడి భుజం దాకా లేచినవి ఎన్నో పక్కనున్నవారిని లెక్కపెట్టమనండి. మూడో విడతలో కూడా దాటినవే ఎక్కువుంటే టెన్షన్ 2 పౌండ్లు పెంచి ఇంకోసారి చూడండి. అప్పటికీ అంతే అయితే పాత రాకెట్‌నే సంచిలో పెట్టుకోండి.