స్కైవర్డ్ ఆడియోబుక్స్: మనకన్నా ఎనిమిదో క్లాస్ పిల్లలకి బాగా ఎక్కుతాయి

అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాసిన సైన్స్ ఫిక్షన్ సిరీస్ స్కైవర్డ్ మొత్తం వినేశా. మొదటిది 2018లో వచ్చింది, 2023లో డిఫయంట్‌తో మెయిన్ కథ అయిపోయింది. ఆయన లావుపాటి ఫాంటసీలు చదివి ఇదీ అలాగే ఉంటుందని మొదలెడితే మాత్రం నీరసం వస్తుంది, ఇది పక్కా పన్నెండు పదమూడేళ్ళ పిల్లల సరుకు.

కథేంటంటే డెట్రిటస్ అని ఒక గ్రహం, పైన ఆకాశం నిండా పాత స్టేషన్ల తుక్కు, మనుషులేమో గుహల్లో దాక్కుని బతుకుతుంటారు, క్రెల్ అనే ఏలియన్లు వచ్చి దాడులు చేస్తుంటారు. హీరోయిన్ స్పెన్సాకి పైలట్ అవ్వాలని పిచ్చి, కానీ వాళ్ళ నాన్న యుద్ధంలోంచి పారిపోయిన పిరికోడని ముద్ర పడిపోయింది కాబట్టి ఫ్లైట్ స్కూల్లో ఎలాగోలా సీటొచ్చినా అడ్మిరల్ ఆవిడ మెస్‌లో తిననివ్వదు, అక్కడ పడుకోనివ్వదు. ఈ పిల్ల గుహలో పడుకుని ఎలకల్ని పట్టుకుని తింటూ పొద్దున్నే క్లాసుకి హాజరు! ఆ మొండితనం మాత్రం నాకు భలే నచ్చింది.

కాకపోతే స్పెన్సాగారి డైలాగులున్నాయే... శత్రువుల పుర్రెలు, రక్తం అంటూ మాటకి ముందో ప్రతిజ్ఞ. బామ్మ చెప్పిన వీరుల కథలు విని పెరిగింది కాబట్టి అలా మాట్లాడుతుందని అర్థమవుతుంది, అయినా గంటలకొద్దీ చెవిలో మోగుతుంటే నా వయసుకి విసుగే. తోటి క్యాడెట్ జోర్గన్‌తో గొడవ చివరికి ఎటు తిరుగుతుందో మొదటి సీన్‌లోనే తెలిసిపోతుంది. అదే మా అక్క కూతురైతే పగలబడి నవ్వుతూ వింది.

సూజీ జాక్సన్ చదివిన తీరుకి ఫుల్ మార్కులు, ముఖ్యంగా ఎం-బాట్. గుహలో దొరికిన, మాట్లాడే పాత షిప్పు అది, మెమరీ దాదాపు పోయింది, పుట్టగొడుగుల లిస్టు రాసుకోవడం మాత్రం మానదు, ఫైట్‌కి పదమంటే గొడవలకి దూరంగా ఉండమని నాకు ఆర్డరుంది అంటుంది. అవి కళ్ళతో చదవడం కన్నా వినడమే బెటర్.

పేరెంట్స్ అడుగుతారు కాబట్టి చెప్తున్నా, బూతుల్లేవు, స్కడ్ అని ఉత్తుత్తి తిట్టొకటుంది అంతే. కానీ తోటి పిల్లలు యుద్ధంలో చనిపోతారు, అదీ మనం వాళ్ళని ఇష్టపడ్డాక, కాబట్టి మరీ చిన్నపిల్లలకి ఇప్పుడే వద్దు.

రెండోది స్టార్‌సైట్ బాగుంది, ఏలియన్ వేషంలో వాళ్ళ ఊళ్ళోకే వెళ్తుంది. మూడోది సైటోనిక్ సాగదీత. నాలుగోదైన డిఫయంట్‌కి ముందు జాన్సీ ప్యాటర్సన్‌తో కలిసి రాసిన మూడు చిన్న నవలలు కూడా వినాలి, సైటోనిక్‌లో స్పెన్సా వేరేచోట ఉన్నప్పుడు వెనక స్నేహితులేం చేశారో వాటిలోనే ఉంటుంది, అవి వదిలేస్తే డిఫయంట్‌లో వీళ్ళంతా ఎవర్రా బాబూ అనిపిస్తుంది. పెద్దాళ్ళు మొదటిది విని ఆపేసినా పోయేదేం లేదు, దాని కథ దానికే ముగుస్తుంది. పిల్లలకైతే సెలవులకి ముందే డౌన్‌లోడ్ చేసిపెట్టండి.