‘సెల్స్ మార్చి చూడండి’ అంటూ వారం గడిపేశారు: బొమ్మ రైలు కొనేవాళ్ళకు హెచ్చరిక

మేం ఉండేది కాజీపేటలో. డాబా ఎక్కితే రైలు పట్టాలు కనిపిస్తాయి. ఆరేళ్ళ మా బాబు కూత వినగానే అది గూడ్సో ఎక్స్‌ప్రెస్సో చెప్పేస్తాడు. నిజమో కాదో మాకూ తెలీదు, తల ఊపుతాం. అలాంటివాడి పుట్టినరోజుకి రైలు తప్ప ఇంకేం కొంటాం? ఆన్‌లైన్‌లో 1,299 రూపాయలకి ఒక సెట్ తెప్పించాం. ఇంజన్, మూడు బోగీలు, గుండ్రంగా కలుపుకునే పట్టాలు, కూత వేయడానికి చిన్న రిమోట్. అసలు ధర 3,999 అని చూపించి దాని మీద గీత కొట్టారు. ఆ గీతకే సగం పడిపోయాం.

అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇదే సరుకు, ఇవే ఫోటోలు వేరే వేరే పేర్లతో కనిపిస్తున్నాయి కాబట్టి పేరు చెప్పినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. వాళ్ళు మమ్మల్ని తిప్పిన తీరు తెలిస్తే ఉపయోగం.

ఆదివారం కేక్ కోశాక పట్టాలు పరిచి, ఇంజన్‌లో మూడు పెన్సిల్ సెల్స్ వేసి ఆన్ చేశాం. ఒకటిన్నర రౌండ్ తిరిగి మలుపులో ఆగింది. వెనక నుంచి వేలితో తోస్తే కదిలింది, మళ్ళీ ఆగింది. బోగీలు తీసేస్తే ఇంజన్ ఒక్కటే టిక్ టిక్‌మంటూ కుంటుకుంటూ తిరిగింది. అదే రోజు చాట్‌లో ఫిర్యాదు చేశాను. ‘సెల్స్ మార్చి చూడండి మేడమ్’ అన్నారు. న్యాయంగానే అనిపించింది, మార్చాం. అరగంట పైన నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ‘ఆల్కలైన్ సెల్స్ మాత్రమే వాడండి’ అన్నారు. మా ఆయన వెళ్ళి ఖరీదైనవి తెచ్చారు. అవీ ముప్పావు గంటకి చచ్చిపోయాయి. ఆ తర్వాత వీడియో పంపమన్నారు, పంపితే స్పష్టంగా లేదు, ఇంకోటి పంపమన్నారు. ‘మా టెక్నికల్ టీమ్ చూస్తోంది’ అని రెండు రోజులు. ఎనిమిదో రోజు పొద్దున ‘రిటర్న్ గడువు ముగిసింది’ అని మెసేజ్ వచ్చింది. గడువు ఏడు రోజులే. నేను మొదటి రోజే చెప్పాను కదా అంటే, చాట్‌లో చెప్పడం రిటర్న్ రిక్వెస్ట్ కింద లెక్కలోకి రాదట. సెల్స్‌కే నాలుగు వందల దాకా వదిలింది.

అందుకే మొదటి మాట: చాట్‌లో ఎవరేం చెప్పినా వినండి, కానీ ముందు యాప్‌లో రిటర్న్ బటన్ నొక్కి రిక్వెస్ట్ నంబరు తెచ్చుకుని అప్పుడు వినండి. బొమ్మ బాగైపోతే రిక్వెస్ట్ రద్దు చేసుకోవచ్చు. గడువు దాటితే మాత్రం ఏమీ చేయలేం.

ఇక తప్పు సెల్స్‌దా ఇంజన్‌దా అన్నది తేల్చడానికి వారం అక్కర్లేదు, పావుగంట చాలు. ఇది నాకు నేర్పింది మా పక్కింటి బాబాయిగారు, లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ‘అసలు ఇంజన్లు చూసిన చేతికి ఇదో లెక్కా’ అంటూ వచ్చి కూర్చున్నారు.

ముందు ఇంజన్‌ని చేతిలో ఎత్తి పట్టుకుని ఆన్ చేయాలట. చక్రాలు గాల్లో తిరుగుతున్నప్పుడు శబ్దం ఒకే రకంగా రావాలి. చక్రం ఒక్కో చుట్టుకీ ఒకసారి టిక్‌మంటే లోపల గేర్ చీలిందని అర్థం. ఈ చవక ఇంజన్లలో ఇరుసు మీద చిన్న ప్లాస్టిక్ గేర్ ఉంటుంది. దాన్ని బిగుతుగా దూర్చేస్తారు కాబట్టి కొన్నాళ్ళకి, కొన్నిసార్లు డబ్బాలో ఉండగానే, వెంట్రుకంత చీలిక వస్తుంది. చీలిన చోట రెండు పళ్ళ మధ్య ఎడం పెరిగి, మోటార్ గేర్ అక్కడికి వచ్చినప్పుడల్లా తట్టి తడబడుతుంది. మాది సరిగ్గా అదే. కొత్త సెల్స్ వేసినప్పుడు ఆ తట్టుని బలంతో దాటేస్తుంది, సెల్ కాస్త దిగగానే ఆగిపోతుంది. అందుకే చూసేవాళ్ళకి తప్పు సెల్స్‌దే అనిపిస్తుంది.

శబ్దం బాగుంటే ఇంజన్‌ని పట్టాల మీద కాకుండా నున్నటి నేల మీద వదలాలి. నేల మీద బాగా నడిచి పట్టాల మీద ఆగితే పట్టాల అతుకులు సరిగ్గా కూర్చోలేదు, లేదా కింద దుప్పటో చాపో ఉండి మిట్టపల్లాలు వచ్చాయి. ఒట్టి ఇంజన్ నడుస్తుంటే బోగీలు ఒక్కొక్కటే తగిలించి చూడాలి. బోగీ ఇరుసుకి జుట్టు చుట్టుకోవడం చాలా మామూలు. మా ఇంట్లో అయితే రెండు రోజుల్లోనే నా వెంట్రుకలు మూడు దొరికాయి. చక్రాలకుండే సన్న రబ్బరు వలయం ఊడిపోతే మలుపులో జారుతుంది, అదీ చూడండి.

సెల్స్ సంగతి. ‘గోడ గడియారంలో వేస్తే నడుస్తోంది, అంటే సెల్ మంచిదే’ అని మేం అనుకున్నాం. బాబాయిగారు నవ్వారు. గడియారం తాగే కరెంటు చాలా తక్కువ, రైలు ఆపేసిన సెల్‌తో కూడా అది నెలల తరబడి నడుస్తుంది. మోటార్‌కి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. మామూలు కార్బన్ సెల్స్ ఆ భారానికి తొందరగా వాలిపోతాయి, ఆల్కలైన్ నిలబడతాయి. ఛార్జింగ్ చేసుకునే నికెల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే, మామూలుది 1.5. అంటే మూడు కలిపి 4.5 రావాల్సిన చోట 3.6 వస్తుంది, రైలు కొంచెం మెల్లగా పోతుంది. అది లోపం కాదు. అదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్స్ కూడా దొరుకుతున్నాయి. పొరపాటున కూడా వాటిని ఇందులో వేయొద్దు.

మీటర్ పెట్టి చూస్తే మా ఇంజన్ బోగీలు లేకుండానే 0.9 ఆంపియర్లు తాగుతోంది. ఇంత చిన్న మోటార్ ఖాళీగా తిరిగేటప్పుడు అందులో మూడో వంతు కూడా తాగకూడదన్నారు. మంచి ఆల్కలైన్ సెల్స్‌తో గంటల తరబడి నడవాల్సిన బొమ్మ అన్నమాట. అది గంట కూడా నడవకపోతే ఇంకో సెట్ సెల్స్ కొనకండి, బొమ్మని వెనక్కి పంపండి.

ఇందులో మా తప్పూ ఒకటి ఉంది, దాచను. ఒకసారి రెండు కొత్త సెల్స్‌తో పాటు ఒక పాతది వేశాం. దిగిపోయిన సెల్ మీద కొత్తవాటి బలం పడి అది కారింది. సెల్స్ పెట్టే చోటు వేడెక్కి, మర్నాటికి తెల్లగా ఉప్పులా పేరుకుంది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం, చేతికి తగిలితే మండుతుంది. తొడుగులు వేసుకుని, దూదికి నిమ్మరసం అద్ది తుడిచి ఆరబెట్టాం. పిల్లల చేత ఆ పని చేయించకండి.

ఇంతవరకూ డబ్బు సంగతి. నాకు నిజంగా చెమటలు పట్టింది రిమోట్ చూశాక. అందులో మూడు గుండీ సెల్స్ ఉన్నాయి. మూతకి స్క్రూ లేదు, గోటితో లాగితే ఊడొచ్చింది. ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. గుండీ సెల్ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బొమ్మ నడవకుండా పోయిన సెల్‌లోనూ ఆ పని చేసేంత కరెంటు మిగిలే ఉంటుంది. మింగిందని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా, చూద్దాంలే అనుకోకుండా, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్లల బొమ్మల్లో ఈ సెల్స్ పెట్టే చోటి మూత స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. ఈ ఒక్క కారణానికే నేను ఈ సెట్ కొనమని ఎవరికీ చెప్పను. రిమోట్‌లో సెల్స్ ఆ రోజే తీసేసి, టేపు చుట్టి, పాత సెల్స్ తీసుకునే చోట ఇచ్చేశాం.

అప్పుడు డబ్బా తిప్పి చూశాను, మొదటి రోజే చూడాల్సింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బ్యాటరీ బొమ్మలకైతే గుర్తు పైన ఐఎస్ 15644 అని, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. మా డబ్బా మీద గుర్తు ఉంది, నంబరు లేదు. పక్కన సీఈ అని ఇంకో గుర్తు దర్జాగా ఉంది. అది యూరప్‌ది, ఇక్కడ ఐఎస్ఐకి బదులు చెల్లదు. తయారు చేసినవాళ్ళ చిరునామా, ఏ దేశంలో తయారైందీ ఎక్కడా లేవు. నంబరు ఉన్నా నమ్మేయకుండా, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూడండి, లైసెన్స్ ఎవరిదో, ఏ వస్తువుకో వస్తుంది. (కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద ఈ గుర్తు లేదని కంగారు పడకండి. భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి, నమోదైన చేతివృత్తులవాళ్ళు చేసేవాటికి మినహాయింపు ఉంది.)

గుర్తు సంగతి అదే యాప్‌లో ఫిర్యాదు చేశాను. డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకం వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, మెయిల్ వాళ్ళ సైట్‌లోనే అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. చాట్ స్క్రీన్‌షాట్లు, డబ్బా తెరిచిన వీడియో, బిల్లు అన్నీ పంపాను. మొదటి రోజు చాట్ తేదీ చూపించాకే వాళ్ళ స్వరం మారింది. పన్నెండో రోజు 1,299 వెనక్కి వచ్చింది. సెల్స్ డబ్బులు రాలేదు.

ఇంజన్‌ని తీసుకెళ్ళడానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. బాబాయిగారు చీలిన గేర్ తీసేసి, మోటార్ లేకుండా చక్రాలు ఊరికే తిరిగేలా చేసిచ్చారు. మా వాడు దానికి దారం కట్టి లాగుతూ, నోటితోనే కూత వేస్తున్నాడు.