లంగరుకి షాకిలా, స్వివెలా, ఉత్త ముడేనా?

కళింగపట్నంలో కొత్తగా ఫైబర్ బోటు దింపిన మా బావమరిది మొన్న షాపులోంచే ఫోన్ చేశాడు: "బావా, తళతళలాడే స్టీలు స్వివెల్ ఉంది, ఇది పెడితే తాడు మెలిపడదంట, కొనేద్దామా?" వద్దన్నాను. లంగరుకి గొలుసు, గొలుసుకి తాడు కట్టుకుంటాం కదా, ఆ అతుకు దగ్గర పెట్టేవే ఇవి: స్వివెల్ అంటే గుండ్రంగా తిరిగే కీలు, షాకిల్ అంటే నోటికి అడ్డంగా మర పిన్ను బిగించే U ఆకారపు ఇనప కడియం.

వంశధార మొగ దగ్గర పోటూ పాటూ మారినప్పుడల్లా బోటు తిరుగుతుంది, తాడు మెలిపడే మాట నిజమే. కానీ మనమేం నెలల తరబడి ఒకేచోట లంగరేసి కూర్చోం కదా, పైకి లాగినప్పుడు చేత్తో నాలుగు తిప్పులు తిప్పితే పోయే మెలికకి అంత డబ్బు దేనికి? పైగా స్వివెల్ నోటిని నేరుగా లంగరు కాడకి తగిలిస్తే, పక్కకి లాగుడు వచ్చినప్పుడు గునపంతో మీటినట్టు దాని దవడ మీదే బరువంతా పడుతుంది, వంగినా వంగుతుంది, విరిగినా విరుగుతుంది. అలా కాకూడదంటే మధ్యలో షాకిల్ పెట్టాలి, అంటే ఎలాగూ షాకిల్ కొనాల్సిందే! ఇంకోటి, ఉప్పునీళ్లలో స్టీలు పక్కనుంటే గొలుసు మీద జింకు పూత తొందరగా పోతుంది.

ఉత్త ముడికైతే పైసా ఖర్చు లేదు. తాడుని లంగరు రింగులో రెండు చుట్లు వేసి, కొసని ఆ చుట్ల కిందుగా దూర్చి బిగిస్తే ఊడదు, మా నాన్న అలాగే నెట్టుకొచ్చాడు. చిన్న తెప్పకి, గంటా రెండు గంటల వేటకి చాలు. కానీ ముడి దగ్గర తాడు బలం బాగా తగ్గిపోతుంది, రింగుకి, ఇసుకకి రాసుకుని పీచులేస్తుంది కూడా.

నేనైతే జింకు పూత ఉన్న బో షాకిలే అంటాను. డి షాకిల్ కంటే దీని కడుపు వెడల్పు, పక్కలాగుడిని బాగా ఓర్చుకుంటుంది. ఎంత బరువుకో ఒంటి మీద అంకె ఉన్నదే తీసుకోండి, 10 మి.మీ. దానికి మామూలుగా 1 టన్ను అని ఉంటుంది. షాపుకి గొలుసు ముక్క ఒకటి పట్టుకెళ్లండి, పిన్ను దూరుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. తాడు కొసని మాత్రం థింబుల్ (తాడు అరగకుండా పెట్టే గాడి ఉన్న లోహపు కన్ను) చుట్టూ తిప్పి, పురులు విప్పి అల్లించి గొలుసుకి కలపాలి.

షాకిల్‌తో చిక్కల్లా పిన్నే. ఓసారి భావనపాడు దగ్గర లంగరు పైకి లాగి చూస్తే పిన్ను దాదాపు ఊడొచ్చేసి రెండు మరల మీద వేలాడుతోంది, నా గుండె జారిపోయింది. ఆ రోజు నుంచి పిన్ను కంట్లోంచి షాకిల్ కాడ చుట్టూ జీఐ తీగ రెండు మూడు చుట్లు బిగించందే నీళ్లలో వెయ్యను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, ఆ ఖాళీలో పిన్ను విప్పి గ్రీజు రాసి పాత తీగ తీసేసి కొత్తది చుడతాను.

బావమరిది షాకిల్ కొన్నాడు. తీగ మర్చిపోయాడు.